మూడేళ్లు నిండకుండానే బడికా? ప్రీస్కూల్‌కు పంపే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

డిసెంబరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకటే ప్రశ్న. "మీ వాడిని ఎక్కడ వేస్తున్నారండీ?" చంకలో రెండేళ్ల పిల్లాడు కనిపిస్తే చాలు, అడిగేస్తారు. "ఇంకా ఏమీ అనుకోలేదండి" అంటే "అయ్యో, సీట్లు అయిపోతాయి" అని టెన్షన్ అంటించి మూడో ఫ్లోర్‌లో దిగిపోతారు.

మా పెద్దోడిని ఆ టెన్షన్‌లోనే రెండేళ్ల ఏడు నెలలకు ప్లేస్కూల్లో వేశాం. నాలుగు నెలలకు మాన్పించాం. చిన్నదాన్ని మాత్రం మూడేళ్ల ఎనిమిది నెలల దాకా ఇంట్లోనే ఉంచి, తర్వాత పంపాం. మొదటిసారి మేం వెతికింది మంచి స్కూల్ ఏదా అని. రెండోసారి స్కూళ్ల జోలికి పోకముందు ఇంట్లో పాప రోజు ఎలా గడుస్తోందో చూసుకున్నాం. తేడా అంతా అక్కడే వచ్చింది. అందుకే ఈ వరుస కూడా ఇంటి నుంచే మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. ఆరేళ్ల లోపు పిల్లల్ని బడికి పంపి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. కాబట్టి "ఆలస్యమైపోయింది" అని ఎవరైనా అంటే, దేనికి ఆలస్యమైందో అడగండి.

1. మూడు రోజులు కాగితం మీద రాయండి

ఆదివారం వద్దు, పండగ వద్దు. మామూలు పనిదినాలు మూడు ఎంచుకుని, బిడ్డ లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం చేస్తోందో గంట గంటకూ రాయండి. బాగా కనిపించాలని రాయకండి, ఎవరికీ చూపించక్కర్లేదు.

మా చిన్నదాని కాగితంలో ఒకరోజు ఇలా ఉంది. ఏడున్నరకు లేచింది. ఎనిమిదిన్నరకు టీవీ ముందు ఇడ్లీ, ఒకటిన్నర తిన్నది. తొమ్మిది నుంచి పదిన్నర దాకా నానమ్మతో చిక్కుడుకాయలు గిల్లింది. గింజలన్నీ ఒక గిన్నెలో, తొక్కలు ఇంకో గిన్నెలో వేసి, మళ్లీ రెండూ కలిపేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఫోన్, ఎందుకంటే నాకు మీటింగ్, అత్తయ్యకు వంట. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం కింద పిల్లలతో నలభై నిమిషాలు. రాత్రి అన్నం తినేటప్పుడు మళ్లీ ఫోన్.

ఇప్పుడు ఇందులో నాలుగు విషయాలు లెక్కపెట్టండి: ఒక పెద్ద మనిషి దానితో ముఖాముఖి మాట్లాడిన సమయం, ఒళ్లు అలిసేలా ఆడిన సమయం, తోటి పిల్లలతో గడిపిన సమయం, స్క్రీన్ చూసిన సమయం. కొలతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు పనికొస్తాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి, స్క్రీన్ గంటకు మించకూడదు, నిద్ర పగలు రాత్రి కలిపి 10 నుంచి 13 గంటలు ఉండాలి.

మా ఇంట్లో స్క్రీన్ రెండు గంటల పది నిమిషాలు తేలింది. "అరగంటే కదమ్మా చూసేది" అని అత్తయ్య ఇప్పటికీ అంటారు.

2. కాగితంలో ఏది తగ్గిందో దానికే మందు వెతకండి

చాలామంది పొరబడేది ఇక్కడే. తగ్గింది తోటి పిల్లలైతే దానికి ఏడాది ఫీజు కట్టక్కర్లేదు. సాయంత్రం పార్కులో గంటన్నర, శనివారం పిన్ని పిల్లలు, పక్క ఫ్లాట్ వాళ్లతో వంతులేసుకుని ఒకరోజు మీ ఇంట్లో, ఒకరోజు వాళ్లింట్లో. రెండున్నరేళ్ల పిల్లలు ఎలాగూ కలిసి ఆడటం కన్నా పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడమే ఎక్కువ.

తగ్గింది మనిషైతే, అంటే ఇద్దరూ ఉద్యోగాలకు పోయి ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే, మీకు కావాల్సింది డేకేర్. తొమ్మిదిన్నరకు తీసుకుని పన్నెండున్నరకు వదిలేసే ప్రీస్కూల్ ఆ సమస్య తీర్చదు, పైగా మధ్యాహ్నం ఎవరు తీసుకురావాలన్న కొత్త సమస్య తెస్తుంది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. మీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ను ఒకసారి అడిగి చూడండి.

తగ్గింది అమ్మ ఓపికైతే? అదీ లెక్కలోకి వచ్చే కారణమే. రోజంతా పిల్లతో ఒంటరిగా ఉండే తల్లికి మూడు గంటల విరామం కావాలనిపించడం తప్పు కాదు. కాకపోతే ఆ కారణాన్ని "వాడి సోషల్ స్కిల్స్ కోసం" అని పేరు మార్చి చెప్పుకోవద్దు. కారణం సరిగ్గా చెప్పుకుంటే ఎంచుకునే చోటు మారుతుంది. విరామం కోసమైతే ఇంటికి దగ్గరగా, ప్రేమగా చూసుకునే చిన్న చోటు చాలు. రోబోటిక్స్ ల్యాబ్ అక్కర్లేదు.

ఇంట్లో తాతయ్యో నానమ్మో ఓపిగ్గా ఉండి, మాటలు, కథలు, పనులు, ఆట అన్నీ బాగానే నడుస్తుంటే మూడున్నర దాకా పంపకపోయినా ఏమీ పోదు. మాకు ఒక అడ్మిషన్ కౌన్సెలర్ "ప్రీస్కూల్‌కు పంపితే మేలని అమెరికా రీసెర్చ్‌లోనే తేలింది మేడమ్" అంది. ఇలాంటి చోట్ల ఎక్కువగా చెప్పుకునేది మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటీ అనే ఊళ్లో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం. అందులో ఉన్నది బాగా పేద కుటుంబాల నుంచి వచ్చిన 123 మంది పిల్లలు. బడికి వెళ్లినవాళ్లకు శిక్షణ పొందిన టీచర్లు పాఠం చెప్పడమే కాక, ప్రతి వారం ఇంటికి కూడా వెళ్లేవారు. ఆ ఫలితాన్ని తెచ్చి మన కాలనీలో ఇరవై మందికి ఒక టీచర్ ఉన్న ప్లేస్కూల్‌కు అతికిస్తే ఎలా?

3. ఒకటో తరగతి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఐదేళ్లను ఒకే పునాది దశగా చూస్తుంది. మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూల్, తర్వాత ఒకటి, రెండు తరగతులు. అంటే ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి. కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచి ఇదే నియమం. అన్ని రాష్ట్రాలూ పాటించాలని 2023 ఫిబ్రవరిలో కేంద్రం మరోసారి చెప్పింది.

ఉదాహరణకు 2023 ఆగస్టులో పుట్టిన పాపను తీసుకుందాం. 2026 జూన్‌లో నర్సరీలో వేస్తే అప్పటికి దానికి రెండేళ్ల పది నెలలు. ఎల్‌కేజీ, యూకేజీ దాటి 2029 జూన్‌లో ఒకటో తరగతికి వచ్చేసరికి అయిదేళ్ల పది నెలలు. ఆరు నిండాలన్న నియమమున్న స్కూల్‌కు మారాల్సి వస్తే యూకేజీ మళ్లీ చదివించాలి. అదే 2027 జూన్ దాకా ఆగితే మూడేళ్ల పది నెలలకు నర్సరీ, ఆరేళ్ల పది నెలలకు ఒకటో తరగతి. క్లాసులో కాస్త పెద్దదవుతుంది, అంతే. జూన్ తర్వాత పుట్టిన పిల్లలందరికీ ఈ చిక్కు ఉంటుంది. మీరు చివరికి చేర్చాలనుకునే పెద్ద స్కూల్‌కు వెళ్లి, వయసు ఏ తేదీకి లెక్కేస్తారో ఇప్పుడే అడిగి రాసుకోండి. అందరూ ఒకే తేదీ చూడరు.

4. పిల్ల సిద్ధంగా ఉందా?

ఏబీసీడీలు వచ్చా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. సుస్సు వస్తోందని తెలిసి, ఏదో ఒక రకంగా చెప్పగలగాలి. నిక్కరు కిందికి లాక్కోగలిగితే ఇంకా మంచిది. అమ్మానాన్నలు కాక మూడో మనిషి దగ్గర రెండు గంటలు ఉండగలగాలి. చేత్తోనో చెంచాతోనో, ఒలకబోసుకుంటూ అయినా సరే, తినగలగాలి. కావాల్సింది మాటతోనో సైగతోనో అడగగలగాలి. వీటిలో ఒకటి తక్కువైతే ఆగాలనేం లేదు, కానీ మీరు చూసే చోట ఆ లోటును ఎవరు చూసుకుంటారో తెలియాలి.

మాటల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. "స్కూల్లో వేయండి, మాటలు అవే వస్తాయి" అనే సలహా మన ఇళ్లలో చాలా చవగ్గా దొరుకుతుంది. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి "నీళ్లు ఇవ్వు" లాంటిది అనకపోతే, పేరు పిలిస్తే తిరగకపోతే, వచ్చిన మాటలు పోతుంటే ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వినికిడి పరీక్ష చేయించండి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు, అక్కడ పరీక్షలు ఉచితం. ఆ తర్వాత బడికి కూడా పంపొచ్చు. దానికి బదులుగా మాత్రం కాదు.

ఇంట్లో నెలల పసికందు ఉంటే ఇంకోటి ఆలోచించండి. బడికెళ్లే చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలు. మొదటి వానాకాలంలో అరచేతులు, అరికాళ్లు, నోట్లో పొక్కులొచ్చే జబ్బు కూడా క్లాసంతా ఒక చుట్టు తిరుగుతుంది. పెద్దది తెచ్చింది చిన్నదానికి అంటకుండా ఆపడం కష్టం. 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన టీకాలు పూర్తయ్యాయా అని కార్డు ఒకసారి తీసి చూడండి.

5. ఎక్కడెక్కడ చూడాలి

పెద్ద స్కూళ్లకు అనుబంధంగా ఉండే నర్సరీలు, ఫ్రాంచైజీ ప్లేస్కూళ్లు, కాలనీలో ఎవరో టీచరమ్మ సొంతంగా నడిపేవి అందరికీ తెలిసినవే. ఫ్రాంచైజీ బోర్డు చూసి ఎంచుకోకండి. ఒకే పేరున్న రెండు శాఖలకు పోలికే ఉండకపోవచ్చు, ఎందుకంటే పేరు ఒకరిది, నడిపేవాళ్లు వేరు. "మాంటిస్సోరి" అన్న మాటకూ ఇదే జాగ్రత్త. ఆ బోధనా పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి 1939లో స్వయంగా మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కానీ ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండి, ఎవరి వస్తువు వాళ్లు అరలోంచి తీసుకుని, పని చేసుకుని, మళ్లీ అక్కడే పెడుతుంటే అది ఆ పద్ధతి. అందరూ కుర్చీల్లో కూర్చుని ఒకేసారి రైమ్ చెబుతుంటే బోర్డు ఏదైనా ఒకటే.

అంగన్‌వాడీని మన అపార్ట్‌మెంట్ల వాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు, వేడి భోజనం, గుడ్డు, బరువు చూడటం, టీకాలు గుర్తుచేయడం, అన్నీ పైసా లేకుండా. మా వెనక వీధి కేంద్రానికి ఒకరోజు వెళ్లి కూర్చున్నాను. పద్నాలుగు మంది పిల్లలున్నారు. టీచర్ చింతపిక్కలతో లెక్క నేర్పుతోంది. ఒక పిల్లాడు ఒక పిక్క ముక్కులో పెట్టుకోబోతే, మాట ఆపకుండానే చెయ్యి చాపి తీసేసింది. నేను చూసిన అయిదు చోట్లలో పిల్లలతో అంత చక్కగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. బాత్‌రూమ్‌లో నీళ్లు రావడం లేదు, అక్కడే మా మనసు వెనక్కి పోయింది. తెనాలి దగ్గర మా ఆడపడుచు వాళ్ల ఊళ్లో కేంద్రం ఇంటికి నాలుగు ఇళ్ల అవతలే. నీళ్లున్నాయి, ఆయమ్మ తెలిసిన మనిషి. వాళ్ల పాపను వ్యాన్ ఎక్కించి టౌనుకు పంపాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు.

6. పదింపావుకు వెళ్లండి, డబ్బాలు తెరిచే దాకా ఉండండి

అడ్మిషన్ల రోజు బెలూన్లు కడతారు. ఆ రోజు వద్దు. మామూలు రోజు, పిల్లలు స్నాక్ తినే సమయానికి వెళ్లండి. "పేరెంట్స్‌ను లోపలికి అనుమతించం" అని చెబితే కారణం వినండి. కనీసం అద్దంలోంచి అయినా చూడనివ్వని చోట నేను పిల్లను వదలను.

ఎందుకు స్నాక్ సమయం అంటారా? మా పెద్దోడి డబ్బా వరసగా నాలుగు రోజులు నిండుగా తిరిగొచ్చింది. ఉప్మా నచ్చలేదనుకుని పూరీ పెట్టాను, పూరీ కాదని కేక్ పెట్టాను. అయిదో రోజు ఇంట్లో ఆ డబ్బా వాడి ముందు పెట్టి "తియ్యి నాన్నా" అన్నాను. వాడు మూత వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాలుగు వైపులా క్లిప్పులున్న డబ్బా అది, ఫ్యాషన్‌గా ఉందని నేనే కొన్నాను. వాడి వేళ్లకు రావడం లేదు. స్కూల్‌కు వెళ్లి అడిగితే టీచర్ మంచిగానే చెప్పింది: "‘ఓపెన్ ప్లీజ్’ అనమని నేర్పుతున్నాం మేడమ్, ఇంకా అనట్లేదు." వాడు "మూత రావట్లేదు" అని రెండు రోజులు చెప్పాడట. ఇంగ్లీషులో చెప్పేదాకా తియ్యలేదన్నమాట. ఇరవై రెండు మందికి ఒక ఆయమ్మ, పదిహేను నిమిషాల బ్రేక్. ఆవిడను మాత్రం ఏమంటాం?

అందుకే చూడాల్సినవి ఇవి. డబ్బా మూత ఎవరు తీస్తున్నారు? ఏడ్చే పిల్లాడి దగ్గరికి ఎవరు, ఎంతసేపటికి వెళ్తున్నారు? పిల్ల తెలుగులో అడిగితే జవాబు వస్తోందా? ఇంగ్లీషు నేర్పనీ, కాదనను. కానీ సుస్సుకు, ఆకలికి, ఏడుపుకు ఇంటి భాషలో జవాబు దొరకాలి. బాత్‌రూమ్‌కు తీసుకెళ్లేది ఎవరు, తలుపు దగ్గర ఎవరుంటారు అన్నది నేరుగా అడగండి, మొహమాటపడకండి. టీచర్లు గత రెండేళ్లలో ఎంతమంది మారారో కనుక్కోండి. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే ఆఫీసులో చెప్పనివి కూడా తెలుస్తాయి.

గోడల మీద అంటించిన బొమ్మలు చూడండి. ఇరవై చెట్లూ ఒకేలా ఉంటే అవి టీచర్ గీసినవి. హోంవర్క్ పుస్తకం ఒకటి తీసి చూపించమనండి. నర్సరీలో నాలుగు గీతల పుస్తకం నిండా అక్షరాలు దిద్దిస్తుంటే నేనైతే అక్కడే లేచి వచ్చేస్తాను. మామూలుగా మూడేళ్లకు పిల్లలు సున్నా గీయగలుగుతారు, నాలుగేళ్లకు ప్లస్ గుర్తు, ఐదేళ్లకు త్రికోణం. "అ"లో ఎన్ని మెలికలున్నాయో మీరే ఒకసారి రాసి చూసుకోండి. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఈ వయసులో ఆటనే ముందు పెట్టింది. "మరి బాసరలో అక్షరాభ్యాసం చేయించాంగా" అంటారు మా మామయ్యగారు. చేయించాం. పళ్లెంలో బియ్యం పోసి, తాతయ్య ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దించారు. అది దీవెన. మర్నాటి నుంచి రోజుకో పేజీ రాయాలని పంతులుగారు కూడా చెప్పలేదు.

7. డబ్బు

బోర్డు మీది ఫీజు మొత్తం ఖర్చు కాదు. మాకు చెప్పింది 45 వేలు. అడ్మిషన్ 5 వేలు, యూనిఫాం పుస్తకాలు 4,500, వ్యాన్ నెలకు 1,500 చొప్పున పది నెలలకు 15 వేలు, యాన్యువల్ డే డ్రెస్సూ వగైరా 2,500. కలిపితే 72 వేలు. అన్నీ ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి. మధ్యలో మాన్పిస్తే ఎంత తిరిగిస్తారో కూడా అందులోనే రాయించుకోండి. మేం రాయించుకోలేదు. ఒక్క రూపాయీ వెనక్కి రాలేదు. కట్టగలిగితే టర్మ్ వారీగానే కట్టండి.

వ్యాన్ గురించి రెండు ముక్కలు. మొదటి నెల మీరే దింపి తెచ్చుకోండి. తర్వాత వ్యాన్ పెట్టినా, లోపల డ్రైవర్ కాక ఇంకో మనిషి ఉండాలి.

8. మొదటి ఆరు వారాలు

మొదటి రెండు మూడు రోజులు గంట, తర్వాత గంటన్నర, అలా పెంచుతూ పోయే చోటైతే సగం ఏడుపు తగ్గుతుంది. చెప్పకుండా మాయమైపోకండి. "స్నాక్ తిన్నాక నానమ్మ వస్తుంది" అని చెప్పి, ఆ సమయానికి నానమ్మ గేటు దగ్గర ఉండాలి. మూడేళ్ల పిల్లకు పన్నెండున్నర అంటే అర్థం కాదు, స్నాక్ తిన్నాక అంటే అర్థమవుతుంది.

గేటు దగ్గర ఏడవడం మామూలే. చూడాల్సింది లోపలికి వెళ్లాక పది నిమిషాలకు ఏం చేస్తోందో. ఆ సమయానికి ఒక ఫోన్ చేయండి. రెండు మూడు వారాల్లో ఏడుపు తగ్గుతూ రావాలి. ఆరు వారాలైనా తగ్గకపోయినా, ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, ఎవరో ఒక మనిషి పేరు చెబితేనే ముడుచుకుపోతున్నా ఆపండి. చివరిదైతే ఆరు వారాలు కాదు, ఆ రోజే ఆపి, కారణం ఏమిటో ముందు తెలుసుకోండి.

మాన్పించడానికి ఎక్కువ అడ్డొచ్చేది కట్టిన డబ్బు, తర్వాత చుట్టాలు. డబ్బు ఎలాగూ పోయింది. చుట్టాలకు "వేరే స్కూల్ చూస్తున్నాం" అంటే సరిపోతుంది, అంతకుమించి ఎవరూ అడగరు. ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు జిరాక్సులే కదా అని ఒకసారి చూసుకోండి. ఒరిజినల్ ఇచ్చి ఉంటే మాన్పిస్తున్నామని చెప్పకముందే వెనక్కి తీసుకోండి.

మా పెద్దోడు తర్వాతి జూన్‌లో, మూడేళ్ల ఏడు నెలలకు, ఇంటికి రెండు వీధుల అవతల వేరే బడికి వెళ్లాడు. ఈసారి మూత వదులుగా ఉన్న స్టీలు డబ్బా కొన్నాను. మొదటిరోజే ఖాళీగా వచ్చింది. సగం పక్కనున్న పిల్లాడు తిన్నాడట, వాడి డబ్బాకు క్లిప్పులున్నాయని.